దారిలో విప్పకూడని సంచి

ప్యాకింగ్ మేస్త్రీకి తన పని మీద ఉన్నంత గర్వం ఇంకొకరికి ఉంటుందంటే నమ్మడం కష్టం. ఇళ్లు మారేవాళ్ల సామాన్లు సర్ది లారీకెక్కించడం అతని వృత్తి. అద్దాల బీరువాలైనా, పింగాణీ పళ్లేలైనా అతని చేతిలో పడ్డాయంటే బుడగల షీటు చుట్టుకుని, గోధుమరంగు టేపు బిగించుకుని, అట్టపెట్టెలో బుద్ధిగా కూర్చోవలసిందే. ఇన్నేళ్లలో ఒక్క గాజుగ్లాసు పగిలిందన్న మాట అతను పడలేదు. కింద పనిచేసేవాళ్లకు అతను చెప్పే సూత్రం ఒక్కటే. "టేపు పడ్డాక దిగేదాకా దాని జోలికి పోకూడదు. దారిలో పెట్టె విప్పాల్సొచ్చిందంటే వాడికి పని రానట్టే."

ఆ సూత్రమే అతని కొంప ముంచింది.

అతని భార్య కట్టుడు పళ్లు తయారుచేసే మనిషి. నోటి కొలత చేతికిస్తే చాలు, అసలు పన్నేదో పెట్టుడు పన్నేదో తెలియకుండా చేసిపెడుతుంది. దూరాన ఉన్న పెద్ద నగరంలో పెద్ద ల్యాబు వాళ్లు రమ్మంటే, ముందు తను వెళ్లి చేరింది. ఉద్యోగం కుదురుకుంటే ఇల్లు చూసుకుని అందరూ వెళ్లిపోవచ్చని ఇద్దరూ అనుకున్న మాటే. బరువులు మోసి మోసి మేస్త్రీ నడుము ఎప్పుడో మూలుగుతోంది. "నువ్వెళ్లు, పిల్లల్ని నేను చూసుకుంటాగా" అని అతనే ముందు అన్నాడు. అప్పటికి చిన్నవాడు పిడుగు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఇప్పుడు గోడ అక్కర్లేదు, ఇల్లంతా వాడిదే. పెద్దపిల్ల చిట్టి బడిలో చేరింది, అందరికీ పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది.

రోజూ సాయంత్రం అమ్మ ఫోన్‌లో కనిపించేది. మొదట్లో పిడుగు తెర మీద ముద్దులు పెట్టేవాడు. తరవాత వాడికి ఎర్ర బొత్తాం దొరికింది. నొక్కితే అమ్మ మాయం. మళ్లీ ఫోన్ మోగుతుంది, మళ్లీ అమ్మ వస్తుంది, మళ్లీ నొక్కుతాడు, మళ్లీ మాయం. వాడికి అంతకంటే గొప్ప ఆట ఇంకోటి లేదు. మేస్త్రీ కూడా నవ్వేవాడు. ఒకరోజు అమ్మ నవ్వలేదు.

"వాడి లెక్కలో నేను నొక్కితే పోయే బొమ్మనైపోయానండీ" అంది. "నెలాఖరుకి వీళ్లు నన్ను ఖాయం చేస్తారు, కాగితం మీద సంతకం పెట్టాలి. మీరు పిల్లల్ని తీసుకురండి. వాడు నన్ను గుర్తుపట్టి నా దగ్గరికొస్తే పెడతా. రాకపోతే ఈ ఉద్యోగం నాకొద్దు, మీతోపాటే తిరిగొచ్చేస్తా. చెప్తున్నా."

"రాకేం చేస్తాడు? నేను తీసుకొస్తా కదా" అన్నాడు మేస్త్రీ. "సరుకు పగలకుండా చేర్చే పూచీ నాది. నువ్వు దించుకోవడమే తరవాయి."

ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, అంత దూరం విమానంలోనే వెళ్లాలని. విమానం అతనెప్పుడూ ఎక్కలేదు. పిల్లలు సరేసరి.

కానీ భయపడితే అతను మేస్త్రీ ఎలా అవుతాడు? వారం పాటు రిహార్సల్ చేయించాడు. కుర్చీలన్నీ వరసగా వేసి విమానం కట్టాడు. ముందు కుర్చీలో తను పైలట్. చిట్టి బిస్కెట్లు పంచే ఎయిర్‌హోస్టెస్. పిడుగు ప్రయాణికుడు, వాడిని లారీలో ఫ్రిజ్జులు కట్టే పట్టీతో కుర్చీకి కట్టేసేవాడు. విమానం దిగగానే ఫోన్ తీసి అమ్మకు కలిపేవాడు. "అదిగో, అమ్మ దగ్గరికి వచ్చేశాం" అనేవాడు. పిల్లలు చప్పట్లు కొట్టేవారు, పిడుగు ఎర్ర బొత్తాం నొక్కేవాడు, ఆట ముగిసేది. ఇంత పకడ్బందీగా పిల్లల్ని తయారుచేసిన తండ్రి ఇంకొకడు ఉండడని మేస్త్రీ మురిసిపోయాడు.

చేతి సంచి కూడా అంత పకడ్బందీగానే సర్దాడు. పాలసీసాలకు బుడగల షీటు రెండు చుట్లు, దాని మీద టేపు. డైపర్లు గాలి తీసి, అణిచి, టేపు. తడిగుడ్డలు, మారుబట్టలు, బిస్కెట్లు, బొమ్మలు, వేటికవే టేపు. సంచి తలకిందులు చేసి దులిపినా లోపల ఒక్కటి కదలలేదు.

విమానాశ్రయంలో తనిఖీ దగ్గర మొదటి దెబ్బ తగిలింది. టేపు కోసే చిన్న బ్లేడు అతని జేబులోనే పుట్టి పెరిగినట్టు ఉంటుంది. యంత్రం దాన్ని పట్టేసింది.

"ఇది కత్తి కాదమ్మా, టేపు కోసేది" అన్నాడు తనిఖీ చేసే ఆవిడతో.

"కోసేదాన్నే కత్తంటారు" అని ఆవిడ దాన్ని డబ్బాలో పడేసింది. తరవాత తెర మీద సంచి లోపల చూసి కనుబొమలు ఎత్తింది. "పాలసీసాకి ఇంత బందోబస్తా?"

"పగలకూడదు కదమ్మా" అన్నాడు మేస్త్రీ ఛాతీ విరుచుకుని. ఆ క్షణాన కూడా మనిషికి తట్టలేదు చూడండి, టేపంతా లోపల ఉంది, బ్లేడు డబ్బాలో ఉంది అని.

విమానం తలుపు దగ్గర చిట్టి ఆగిపోయింది. "నాన్నా, నువ్వు ముందుకెళ్లి కూర్చో" అంది. అతను నెమ్మదిగా చెప్పాడు, ఇక్కడ వేరే పైలట్ ఉంటాడని. చిట్టి నమ్మలేదు. "మరి ఇంట్లో నువ్వే కదా నడిపావు? ఈయనకి వచ్చా?" అని గట్టిగా అడిగింది. వెనక నిలబడ్డ జనం నవ్వారు, ఇంకా వెనక ఉన్నవాళ్లు విసుక్కున్నారు. లోపలికి అడుగు పెట్టగానే ఇంకో ఘోరం. ఎవరో అమ్మాయి చక్కగా చీర కట్టుకుని, చిట్టి చేయవలసిన ఉద్యోగం చేసేస్తోంది. "బిస్కెట్లు నేను పంచాలి! నాన్నా, చెప్పు ఆవిడకి!" చిట్టి మొహం ఎర్రబడింది. మేస్త్రీ దాన్ని ఒక చేత్తో, పిడుగును ఇంకో చేత్తో, సంచిని మెడతో మోసుకుంటూ నడిచాడు. ఉక్కు బీరువా మెట్లెక్కించినప్పుడు కూడా అతనికి ఇంత చెమట పట్టలేదు.

కిటికీ పక్కన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. కిటికీ మూత కిందికి లాగేసి, కళ్లు మూసుకుని, చేతులు రెండూ సీటుకు అంటించినట్టు పెట్టుకుంది.

"అమ్మా, మా పాపకి కాస్త కిటికీ..." అని నసిగాడు మేస్త్రీ.

"ఇది నా సీటు బాబూ" అంది ఆవిడ కళ్లు తెరవకుండానే.

"మీరు చూడట్లేదు కదా?" అంది చిట్టి.

"చూడను. చూడకపోయినా నాదే."

పిడుగుకు రెండేళ్లు నిండలేదు కాబట్టి వాడికి సీటు లేదు, తండ్రి ఒళ్లోనే కూర్చోవాలి. ఆ సంగతి రిహార్సల్‌లో లేదు. వాడికి తన కుర్చీ కావాలి, తన పట్టీ కావాలి. ఒళ్లో కూర్చోబెట్టిన కొద్దీ వాడు విల్లులా వంగి కిందికి జారిపోతున్నాడు. వారం పాటు తను నేర్పించినదంతా తనకే అడ్డం తిరుగుతోందని మేస్త్రీకి అప్పుడు అర్థమైంది. ఏమీ నేర్పించకపోయినా ఇంతకంటే నయంగా ఉండేది.

విమానం లేచింది. పిడుగు చెవులు పట్టుకుని కెవ్వుమన్నాడు.

"పాలు పట్టించండి, గుటకలేస్తే చెవులు సర్దుకుంటాయి" అని వెనక సీటు నుంచి ఎవరో సలహా పడేశారు. సలహా మంచిదే. మేస్త్రీ సంచిలోంచి పాలసీసా తీశాడు. సీసా కాదు, సీసా ఉన్న మూట. జేబులోకి చెయ్యి పోయింది. జేబు ఖాళీ. అప్పుడు వెలిగింది అతనికి. బ్లేడు తనిఖీ ఆవిడ డబ్బాలో ఉంది.

టేపు కొస కోసం గోటితో గీకాడు. కొస కనపడితే అది అతని పని ఎందుకవుతుంది? కొస కనిపించకుండా అణచడంలోనే కదా అతని పనితనమంతా! ఎయిర్‌హోస్టెస్ దూరాన బెల్టు బిగించుకుని కూర్చుని ఉంది. "కత్తెర ఉందామ్మా?" అని అక్కడి నుంచే అరిచాడు. విమానం గాల్లోకి లేస్తుంటే కత్తెర అడిగిన మనిషిని చూసి జనం మెడలు తిప్పారు. పెద్దావిడ ఒక కన్ను తెరిచి, తలలోంచి పిన్ను తీసి ఇచ్చింది. పిన్ను వంగిపోయింది, టేపు చెక్కుచెదరలేదు. పిడుగు ఏడుపు పైస్థాయికి చేరింది. దాంతో చిట్టి కూడా అందుకుంది, ఎందుకంటే తమ్ముడు ఏడుస్తుంటే తను ఊరుకోవడం న్యాయం కాదు.

మేస్త్రీ మూటను నోటికెత్తుకుని పళ్లతో పట్టి లాగాడు. తల అటూ ఇటూ విదిలించాడు. 'ఏ వెధవ కట్టాడురా దీన్ని' అని మనసులో తిట్టుకుని, ఆ వెధవ ఎవరో గుర్తొచ్చి ఇంకా మండిపోయాడు. టక్ మని చప్పుడైంది. టేపు తెగింది. నాలుకకు ఏదో గరగరలాడింది. ముందు పన్ను కొస విరిగి చేతిలోకి వచ్చింది.

ఇంత చేస్తే పిడుగు రెండు గుటకలు తాగి సీసా విసిరికొట్టాడు. పాలు మేస్త్రీ చొక్కా మీద సగం, పెద్దావిడ చీర మీద సగం.

అక్కడి నుంచి ఏది తీసినా అదే కథ. బిస్కెట్ల మూట విప్పేసరికి అది పొడి అయింది. డైపర్ల మూట మీద అతను ముచ్చటపడి మూడు వరసలు వేశాడు. దాన్ని మోకాళ్ల మధ్య పెట్టుకుని చీలుస్తుంటే, అవసరం కాస్తా అతని ప్యాంటు మీదే తీరిపోయింది. విమానంలో బాత్రూం ఎంత ఉంటుంది? ఫ్రిజ్జు అట్టపెట్టె అంత కూడా లేదు. అందులో పిల్లవాడిని పడుకోబెట్టి, బట్టలు మార్చి, తల మూడుసార్లు గోడకు కొట్టుకుని బయటికొచ్చేసరికి మేస్త్రీ తల ప్రాణం తోకకొచ్చింది. తిరిగొచ్చి చూస్తే సీటులో చిట్టి లేదు. నడవాలో నిలబడి, ఎవరూ అడగకపోయినా, అందరికీ బిస్కెట్ పొడి చిటికెడు చిటికెడు పంచుతోంది.

దాన్ని లాక్కొచ్చి కూర్చోబెట్టాడు. ఇక మిగిలిన అస్త్రం ఫోన్ ఒక్కటే.

పిడుగు ఫోన్ చూడగానే ఏడుపు మింగేశాడు. "అమ్మ" అన్నాడు. రిహార్సల్‌లో విమానం ఆట చివర్న ఫోన్‌లో అమ్మ రావాలి మరి. తెర నొక్కాడు. అమ్మ రాలేదు. ఇంకోసారి నొక్కాడు. మేస్త్రీ బొమ్మల వీడియో పెట్టబోయాడు. "అమ్మ!" అని వాడు ఫోన్ లాక్కుని, ఈ దగా తన దగ్గర సాగదన్నట్టు విసిరేశాడు. అది ఎక్కడో ముందు సీట్ల కింద గోడకు తగిలి ఆగింది.

"నోర్ముయ్! ఇంకొక్కసారి ఏడిస్తే చంపేస్తాను!"

ఆ గొంతు తనదేనని మేస్త్రీకి ఒక క్షణం తరవాత గాని తెలియలేదు. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. చిట్టి నోరు తెరిచి చూసింది. "అమ్మకి చెప్తా" అంది మెల్లగా.

"చెప్పవే, చెప్పు. మీ అమ్మకే చెప్పు" అన్నాడు. అందరి మీదా కోపంగా ఉంది. అంత దూరాన ఉద్యోగం వెతుక్కున్న భార్య మీద, పూచీ పడ్డ తన నోటి మీద, చూస్తున్న ఈ జనం మీద. సరుకైతే ఇలా చేస్తుందా? ఫ్రిజ్జు ఏడుస్తుందా?

పిడుగు మాత్రం, తిట్టిన ఆ తండ్రి మెడనే రెండు చేతులతో వాటేసుకుని, మొహం భుజంలో దాచుకుని వెక్కుతున్నాడు. వాడికి పారిపోవడానికి ఇంకో చోటు లేదు. ఆ పట్టు చూసి మేస్త్రీకి కోపం దిగిపోయింది, దాని చోట భయం వచ్చి కూర్చుంది. వీడు ఇలాగే పట్టుకుని వదలకపోతే? దిగాక వాళ్లమ్మ చేతులు చాపితే ఇలాగే మొహం తిప్పుకుంటే? పెట్టెలో పెట్టి, కట్టి, తెచ్చి అప్పజెబితే సరిపోయే బాపతు కాదిది. ఆ సంగతి ఫోన్‌లో పూచీ పడేటప్పుడు తెలిసి ఉంటే ఎంత బాగుండేది.

విమానం దిగడం మొదలైంది. మళ్లీ చెవుల నొప్పి వస్తుందని మేస్త్రీ బిక్కచచ్చిపోయాడు. ఒళ్లో చింపిన బుడగల షీటు ముక్కలు పడి ఉన్నాయి. పిడుగు వేలు ఒక బుడగ మీద పడింది. టప్. వాడు వెక్కిళ్లు ఆపాడు. ఇంకోటి నొక్కాడు. టప్. నొక్కితే బుడగ పోతోంది. ఈ ఆట వాడికి తెలిసిందే. చిట్టి ఒక ముక్క లాక్కుంది. కాసేపటికి పక్క నుంచి ముడతలు పడిన చెయ్యి ఒకటి ముందుకొచ్చింది.

"నాకూ ఒకటివ్వు బాబూ" అంది పెద్దావిడ, కళ్లు మూసుకునే. "నేనూ ఎక్కడం ఇదే మొదలు."

నేల తగిలేదాకా ఆ వరసలో ముగ్గురూ టపటపలాడిస్తూనే ఉన్నారు. మేస్త్రీ ఒక్కడే ఏమీ నొక్కలేదు. ఫోన్ దొరికింది గాని, తెర చచ్చిపోయి ఉంది.

బయట కడ్డీల అవతల అతని భార్య నిలబడి ఉంది. సగం రోజు సెలవు పెట్టి వచ్చినట్టుంది, చేతుల మీద పళ్ల అచ్చుల తెల్లటి పొడి ఇంకా పోలేదు. చిట్టి పరిగెత్తుకెళ్లి నడుముకు చుట్టుకుంది. "అమ్మా, నాన్న తమ్ముణ్ణి చంపేస్తానన్నాడు, అక్కడ బాత్రూం ఇంతే ఉంది, నాకు కిటికీ ఇవ్వలేదు" అని ఒక్క ఊపిరిలో అప్పజెప్పేసింది.

ఆమె పిడుగు వైపు చేతులు చాపింది. "నాన్నా... పిడుగూ... రా."

పిడుగు చూశాడు. మొహం తిప్పి తండ్రి మెడలో దాచుకున్నాడు. తరవాత తండ్రి చొక్కా జేబు పట్టుకుని లాగాడు. జేబులో ఫోన్ ఉంది. "అమ్మ" అన్నాడు ఫోన్ చూపిస్తూ. "అమ్మ."

ఆమె చేతులు అలాగే ఉండిపోయాయి. మేస్త్రీకి భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. దోవ పొడుగునా ఏదీ అనుకున్నట్టు జరగలేదు, సరే. ఇదొక్కటైనా జరిగి ఉండకూడదా?

"ఆ ఫోన్ చచ్చిపోయిందిరా" అన్నాడు. ఏమనాలో తోచక అన్న మాట అది. పిడుగును సామాన్ల తోపుడుబండి మీద సూట్‌కేసుల పైన కూర్చోబెట్టాడు. చేతులు నొప్పి పుడుతున్నాయి, నడుము పట్టేసింది.

ఆమె చేతులు దించేసింది. పిలవలేదు, బుజ్జగించలేదు. వాడి ఎదురుగా, అంతమంది నడుస్తున్న చోట, నేల మీద చతికిలబడిపోయింది. "అయిపోయిందండీ" అంది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు. "ఎంతలో మర్చిపోయాడో చూశారా."

పిడుగు చేతిలో ఉన్న షీటు ముక్కలో బుడగలు అయిపోయాయి. అటూ ఇటూ తిప్పి చూసి పారేశాడు. ఎదురుగా, తన మొహానికి సమానంగా, ఫోన్‌లో మనిషి మొహం ఉంది. ఫోన్‌లో కంటే చాలా పెద్దగా ఉంది, తడిగా ఉంది. వాడు ముందుకు వంగాడు. వేలు చాపి, ఎర్ర బొత్తాం నొక్కినట్టు, ఆమె ముక్కు మీద నొక్కాడు.

ఆమె మొహం ఇంకాస్త దగ్గరికి తెచ్చింది. మేస్త్రీ బండి కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు.

వాడు ఎదురుచూశాడు. అమ్మ మాయం కాలేదు. ఇంకోసారి నొక్కాడు, ఈసారి గట్టిగా, గోరు దిగేలా. పోలేదు. ఆమె తల వెనక ఏముందోనని పక్కకు వంగి చూశాడు. జడ ఉంది. మళ్లీ ముందుకొచ్చి నొక్కాడు.

"నొక్కుకోరా, ఎంతైనా నొక్కుకో" అంది ఆమె ఏడుస్తూనే. "ఎక్కడికీ పోను."

ఆ గొంతు విన్నాక వాడు సూట్‌కేసు మీంచి ఆమె మీదికి జారాడు. జారడం కాదు, పడ్డాడు. "అమ్మ" అన్నాడు, ఫోన్ కలిసినప్పుడు అనేట్టే. ఆమె వాణ్ణి పట్టుకుని ఊగిపోతుంటే మేస్త్రీ అటు తిరిగి, ఏదో పని ఉన్నట్టు సంచి జిప్పు లాగాడు. వాడికి ఆకలేస్తుంది, రెండో పాలసీసా ఇంకా మూటలోనే ఉంది. పళ్ల మధ్య పెట్టుకుని లాగబోయాడు.

"ఆగండి ఆగండి! ఏంటా పని?" ఆమె తలెత్తి అతని మొహం వంక చూసింది. ఆ చూపు భార్యది కాదు, పళ్లు చేసేవాళ్లది. "నోరు తెరవండి. తెరవండీ... ముందు పన్నేమైంది?"

మేస్త్రీ దొంగలా నోరు మూసుకున్నాడు. చిట్టి వదలలేదు. "టేపు కొరికాడమ్మా. టక్ మంది."

"పగలకుండా చేరుస్తానన్నారుగా?" అంది ఆమె. ఏడుపులోంచే నవ్వొస్తోంది.

"వీళ్లని చేర్చాను కదా" అన్నాడు మేస్త్రీ రోషంగా. పన్ను సందులోంచి మాట గాలిలా వచ్చింది. "నా పన్నుకి పూచీ ఎవరు పడ్డారు?"

"సోమవారం మా ల్యాబుకి రండి, కొలత తీసుకుంటా. కొత్త కొస నేనే చేసిపెడతా." పిడుగును భుజానికెత్తుకుని లేచింది. "సంతకం కూడా ఆ రోజే."

మేస్త్రీ బండి తోస్తూ వెనకే నడిచాడు. నడుము నొప్పి తగ్గలేదు, ప్యాంటు ఆరలేదు, ఇంకా చిరాగ్గానే ఉంది. ముందు నడుస్తున్న ఆమె భుజం మీంచి పిడుగు వంగి, అమ్మ ముక్కు ఇంకా అక్కడే ఉందో లేదో నొక్కి చూసుకుంటున్నాడు.